ఈ రీలు కొత్తదా, అయిపోయిందా?

మా అక్క కూతురి మొదటి పుట్టినరోజు ఫొటోల్లో పాప పడవల మధ్య కూర్చుని ఉంటుంది. కొవ్వొత్తి వెలుగుతున్న చోటే తెరచాప కర్ర ఒకటి నిటారుగా లేచి ఉంటుంది. బావ భుజమ్మీంచి లంగరు తాడు వేలాడుతుంటుంది. కొన్ని ఫొటోల్లో అయితే సరిగ్గా ముఖం మధ్యలోంచి ముదురు రంగు పట్టీ ఒకటి నిలువుగా దిగుతుంది. రెండు ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ అది. ప్రింట్లు చూసి అక్క ఫోన్ చేసింది. "ఏరా, పాపని పడవెప్పుడు ఎక్కించావురా?" అంది. నవ్వుతూనే అంది గానీ, నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

జరిగింది చాలా చిన్న విషయం. అంతకు నెల ముందు సముద్రం ఒడ్డున ఓ ఫిల్మ్ రీలు మొత్తం పడవల మీదే తగలేశాను. నలుపు తెలుపు రీళ్ళు ఇంట్లోనే కడుక్కుంటాను కాబట్టి, వెనక్కి చుట్టేటప్పుడు తోక, అంటే ఫిల్మ్ కొస, కాస్త డబ్బా బయటే వదిలేయడం నాకు అలవాటు. తోక బయట ఉంటే చీకట్లో డబ్బా మూత ఊడదీసే పని తప్పుతుంది. సౌకర్యంగానే ఉండేది. కాకపోతే తోక బయటికున్న రీలు చూడ్డానికి అచ్చం కొత్త రీలులాగే ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి కొత్త రీళ్ళున్న జేబులోనే పడేశాను. పుట్టినరోజునాడు చెయ్యి పెట్టి తీసిన మొదటి రీలు అదే. 36 ఫ్రేముల మీద ఇంకో 36 ఫ్రేములు. డిజిటల్లో కూడా కొన్ని తీసి ఉండబట్టి అక్క దగ్గర పరువు దక్కింది.

అప్పటికి నా బ్యాగు సర్ది లేదా అంటే, బ్రహ్మాండంగా సర్ది ఉంది. బాడీకో గది, లెన్సుకో గది, రీళ్ళకో జేబు, బ్యాటరీలకో జేబు. వెల్క్రో గోడలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. ఎవరైనా జిప్పు తెరిచి చూస్తే మెచ్చుకునేవాళ్ళు. అంత చక్కగా సర్దుకున్న బ్యాగే నన్ను ముంచింది. అప్పట్నుంచీ నాకొక అభిప్రాయం బలపడింది. కెమెరా బ్యాగుల గురించి మనం మాట్లాడుకునేదంతా ఏ వస్తువు ఎక్కడ పెట్టాలి అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. నిజానికి తేల్చుకోవాల్సింది ఆ వస్తువు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్న సంగతి. ఈ రీలు కొత్తదా, అయిపోయిందా? ఈ బ్యాటరీ నిండుగా ఉందా, ఖాళీయా? ఈ కార్డులో ఉన్నవి కాపీ అయ్యాయా, ఇంకా లేదా? బ్యాగులో చెయ్యి పెట్టగానే, కళ్ళు వ్యూఫైండర్‌లోంచి తియ్యకుండానే, ఈ ప్రశ్నలకి జవాబు వేళ్ళకి తగలాలి. తగలకపోతే ఆ బ్యాగు ఎంత అందంగా ఉన్నా సర్దనట్టే లెక్క.

డిజిటల్ మాత్రమే వాడేవాళ్ళకి ఈ మాట కాస్త అతిగా అనిపించవచ్చు. వాళ్ళ తప్పు లేదు. డిజిటల్ కెమెరాని అడిగితే చెబుతుంది. కార్డు పెట్టగానే ఎన్ని ఫొటోలున్నాయో, బ్యాటరీ ఎంత ఉందో తెర మీద చూపిస్తుంది. ఫిల్మ్ మూగది. ఫిల్మ్ మీది పూతని ఎమల్షన్ అంటారు. వెలుతురు సోకిన ఎమల్షన్, సోకని ఎమల్షన్ రెండూ ఒకే రంగులో ఉంటాయి. కడిగితే తప్ప తేడా తెలియదు, కడిగాక తెలిసి ప్రయోజనం లేదు. ఫిల్మ్ తన గురించి తాను చెప్పుకోలేదు కాబట్టి ఆ సంగతి బ్యాగు చెప్పాలి. డిజిటల్ నుంచి ఫిల్మ్‌కి వచ్చినవాళ్ళు మొదటి ఏడాది ఇక్కడే దెబ్బ తింటారు. నేనేమో ఫిల్మ్ నుంచి డిజిటల్‌కి వెళ్ళి మళ్ళీ ఫిల్మ్‌కి వచ్చినవాణ్ణి. నాకే బుద్ధుండాలి.

ఇక బ్యాగులు కొనే రోగం సంగతి. నా దగ్గర ఇప్పుడు ఆరున్నాయి. ఒకప్పుడు తొమ్మిది. ప్రతి బ్యాగునీ కొనేటప్పుడు ఇదే ఆఖరిదని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదు అంటారే, నేనేమో కొత్త బ్యాగు ఇంటికి రాగానే నా కెమెరా గేరంతా దానంతటది ఒక క్రమంలోకి వచ్చేస్తుందని నమ్మేవాణ్ణి. ఒక వారం వచ్చేది కూడా. తర్వాత అదే గందరగోళం కొత్త జేబుల్లోకి కాపురం మార్చేది.

జేబులు ఎక్కువున్న బ్యాగు మంచిదన్న భ్రమ ఒకటి ఉంది. పదిహేను జేబులుంటే ఒక వస్తువు ఉండగల చోట్లు పదిహేను అన్నమాట. అన్నీ వెతకాలి. ఈ విషయంలో పాతకాలపు పత్రికా ఫొటోగ్రాఫర్ల తెలివి నాకు నచ్చుతుంది. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో పనిచేసిన జిమ్ డామ్కీ 1970లలో తన అవసరం కోసం తయారు చేసుకున్న కాన్వాసు సంచి తర్వాత ఒక బ్రాండే అయింది. దళసరి మెత్తలు ఉండవు, ఒంటికి అతుక్కుని ఉంటుంది, పై మూత ఎత్తితే లోపలున్నవన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఇంగ్లండులో బిలింగ్‌హామ్ కంపెనీ 1973లో మొదలైంది చేపలు పట్టేవాళ్ళ సంచులతో. ఆ సంచుల్ని ఫొటోగ్రాఫర్లు కొనుక్కుంటున్నారని తెలిశాక కెమెరా బ్యాగుల వైపు మళ్ళింది. అంటే ఒక చేత్తో గాలం పట్టుకుని, రెండో చేత్తో తడిమి కావాల్సింది తీసుకునేవాడి సంచి మనకి సరిపోయిందన్నమాట. నాకిందులో వింతేమీ కనిపించదు. ఇద్దరిదీ ఒకటే కష్టం. కళ్ళు ఒకచోట ఉంటాయి, చేతికి పని ఇంకోచోట ఉంటుంది.

మెత్తల గురించి కూడా ఒక మాట. దళసరి గోడలు లెన్సుని కాపాడతాయి, నిజమే. కానీ పెద్ద బ్యాగులో సగం చోటు స్పాంజికే పోతుంది. పైగా పాత బ్యాగుల్లో ఆ స్పాంజి కొన్నేళ్ళకి పొడిపొడిగానో, జిగురుగానో మారి లెన్సు మీదే రాలుతుంది. కెమెరాల వెనక తలుపులో వెలుతురు చొరబడకుండా అంటించే నల్లటి ఫోమ్‌కి కూడా ఇదే గతి పడుతుంది. పాత బ్యాగులు తక్కువకి వచ్చాయని కొనేవాళ్ళు ముందు లోపలి గోడని గోటితో గీకి చూడండి. నేను చూడలేదు. ఒక మంచి 28 ఎంఎం లెన్సు గొంతులోంచి ఆ నల్ల పొడి తియ్యడానికి ఆదివారం మొత్తం పట్టింది.

ఇప్పుడు నేనేం చేస్తానో చెప్తాను. ఫిల్మ్ విషయంలో ఒకటే సూత్రం. రీలు బ్యాగులో ఒకే దిక్కుకి నడవాలి. ఎడమ జేబులోంచి కెమెరాలోకి, కెమెరాలోంచి కుడి జేబులోకి. కుడి జేబులోంచి ఏ పరిస్థితిలోనూ మళ్ళీ కెమెరాలోకి రాకూడదు. కుడి జేబుకి జిప్పుంటుంది, ఎడమదానికి ఉండదు. కావాలనే అలా ఎంచుకున్నాను. తియ్యడం సులువుగా ఉండాల్సింది కొత్త రీలుకి. అయిపోయిన దానికి చెయ్యి అందాల్సిన అవసరమే లేదు, జారి పడకుండా ఉంటే చాలు. నిజానికి రెండిట్లో విలువైనది అయిపోయిన రీలు. కొత్త రీలు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ 36 క్షణాల్ని ఏ షాపులో కొంటాం?

తోక విషయంలో కూడా బుద్ధి తెచ్చుకున్నాను. ఇప్పుడు 35 ఎంఎం రీలు పూర్తిగా లోపలికి చుట్టేస్తాను. చీకట్లో మూత ఊడదీసే పని నాకే పడుతుంది, పడనీ. తోక బయటికుంటే కొత్తది, లోపలికి పోతే అయిపోయింది. ఇంతకంటే తేలికైన గుర్తు ఇంకోటి లేదు, చీకట్లో బొటనవేలికి కూడా తెలుస్తుంది. తోక వదలక తప్పనివాళ్ళు కనీసం దాన్ని మధ్యకి మడిచి గట్టిగా గీత పడేలా నొక్కండి. కొత్త రీలు తోకకి అలాంటి మడత ఉండదు.

పెద్ద ఫ్రేముల కెమెరాల్లో వాడే వెడల్పాటి 120 రీళ్ళ లెక్క వేరు. వాటిని వెనక్కి చుట్టే పనే లేదు. ఒక స్పూలు మీంచి ఇంకో స్పూలు మీదికి వెళ్ళిపోతాయి. చివర్న కాగితం పట్టీ ఉంటుంది, తడిచేసి అంటిస్తే అయిపోయిందని రాసి ఉన్న వైపు పైకి కనిపిస్తుంది. దీనికి గుర్తు కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చారు కాబట్టి మనం పాడుచెయ్యకుండా ఉంటే చాలు. నేనైతే అంటించాక పైన సన్న రబ్బరు బ్యాండు కూడా వేస్తాను. వదులుగా చుట్టుకున్న రీలు అంచుల్లోంచి వెలుతురు దూరుతుంది. 6×6 కెమెరాలో వచ్చేవే 12 ఫొటోలు, వాటిలో నాలుగు అంచులు కాలిపోతే మిగిలేదేముంది?

రీలు మీద రాయడం తప్పనిసరి. 1983లో కొడాక్ డబ్బాల మీద డీఎక్స్ కోడ్ వచ్చింది, కెమెరా దాన్ని చదివి ఐఎస్ఓ, అంటే ఫిల్మ్ వెలుతురుకి ఎంత తొందరగా స్పందిస్తుందో చెప్పే అంకె, తనే పెట్టుకుంటుంది. కానీ మీరు 400 రీలుని 1600 అనుకుని తీస్తే ఆ సంగతి డబ్బాకి తెలియదు. ల్యాబులో కడిగేవాళ్ళకీ తెలియదు. కాబట్టి పర్మనెంట్ మార్కరు ఒకటి కుడి జేబులోనే, జిప్పుకి అవతల కాకుండా లోపల, ఉండాలి. రీలు పడేసేటప్పుడు చెయ్యి దానికి తగులుతుంది, రాయాలని గుర్తొస్తుంది. ఎంత ఐఎస్ఓకి తీశానో, ఏ రోజో, రెండే ముక్కలు. మొదట్లో ఎండ ఎలా ఉంది, ఏ లెన్సు, ఏ మూడ్‌లో ఉన్నాను అని కూడా రాసేవాణ్ణి. మూడు రీళ్ళ తర్వాత విసుగొచ్చి అసలు రాయడమే మానేశాను. రెండు ముక్కలయితే ఎంత తొందరలోనైనా రాస్తాం.

కెమెరాలో సగం అయిన రీలు ఇంకో తలనొప్పి. చాలా పాత కెమెరాల వెనక తలుపు మీద చిన్న చట్రం ఉంటుంది, ఫిల్మ్ డబ్బా అట్టముక్క చింపి దోపుకోడానికి. అది లేని కెమెరాకి పేపర్ టేపు ముక్క అంటించి రీలు పేరు రాస్తాను. ఖాళీ కెమెరాకి టేపు ఉండదు. టేపుంటే తలుపు తియ్యకూడదు. ఇంట్లో పిల్లలక్కూడా ఈ నియమం తెలుసు. ఒకసారి నేనే మర్చిపోయి తలుపు మీద చెయ్యి వేస్తే మా చిన్నది అరిచింది.

డిజిటల్ వైపు చెప్పడానికి ఇంత లేదు గానీ, సూత్రం అదే. ఎస్‌డీ కార్డు పక్కన ఒక చిన్న తాళం మీట ఉంటుంది. చాలామంది దాన్ని జీవితంలో ముట్టుకోరు. కార్డు నిండగానే తీసి, మీట కిందికి జరిపి, కార్డుల పర్సులో బొమ్మ వెనక్కి తిరిగేలా పెట్టండి. పొరపాటున మళ్ళీ కెమెరాలో పెట్టినా రాయనని మొరాయిస్తుంది, ఫార్మాట్ కూడా కానివ్వదు. నా దృష్టిలో అది డిజిటల్ రీలు తోక. కొత్త తరం సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డులకి ఈ మీట లేదు. వాటికి బొమ్మ ముందుకా వెనక్కా అన్న గుర్తొక్కటే దిక్కు. ఫొటోలు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కార్డు బోర్లానే ఉంటుంది. కాపీ అయ్యాక కూడా కంప్యూటర్లో చెరపను, కెమెరాలోనే ఫార్మాట్ చేస్తాను.

బ్యాటరీలకి ప్లాస్టిక్ మూతలొస్తాయి, కాంటాక్టుల మీద పెట్టుకోడానికి. ఎక్కువమంది మొదటి వారమే వాటిని పారేస్తారు. పారెయ్యకండి. నిండు బ్యాటరీకి మూత పెట్టి ఉంటుంది. ఖాళీ అయినదానికి అదే మూతని తిప్పి పెట్టి వేరే జేబులో వేస్తాను. కొన్ని కంపెనీల మూతల్లో అయితే చిన్న కిటికీ ఉంటుంది, ఒక వైపు పెడితే దాంట్లోంచి రంగు కనిపిస్తుంది, తిప్పి పెడితే కనిపించదు. దాన్ని తయారు చేసినవాడెవడో నాలాగే ఖాళీ బ్యాటరీతో ఎక్కడో ఇరుక్కుని ఉంటాడు.

ఇప్పుడు అసలు పేచీ. ఫిల్మ్, డిజిటల్ రెండూ ఒకే బ్యాగులో పెట్టుకోవచ్చా? నా జవాబు, పెట్టుకోవచ్చు గానీ కలిపి సర్దకూడదు. మొదట్లో నేను లెన్సులన్నీ ఒకవైపు, బాడీలన్నీ ఒకవైపు పెట్టేవాణ్ణి. పైకి తర్కంగానే ఉంటుంది. ముఖ్యంగా మౌంటు, అంటే లెన్సుని బాడీకి బిగించే చోటు, ఒకటే అయితే మరీను. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నాటిది, ఆ వంశంలో ఫిల్మ్ బాడీ, డిజిటల్ ఎస్ఎల్ఆర్ రెండూ ఉన్నవాళ్ళు చాలా లెన్సులు అటూ ఇటూ మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చు కదా అని మార్చుకుంటూ కూర్చుంటాం. అక్కడే వస్తుంది చిక్కు. రెండు బాడీలకి కలిపి నాలుగు లెన్సులుంటే ప్రతి ఫొటోకీ ముందు ఎనిమిది ప్రశ్నలు. ఆ ఎనిమిది తేల్చుకునేలోపు ఎదురుగా ఉన్నది కాస్తా నడిచి వెళ్ళిపోతుంది.

కాబట్టి ఆ రోజు ఒకటి యజమాని, రెండోది చుట్టం. ఏది యజమానో ఇంటి దగ్గరే తేలిపోవాలి. చుట్టానికి బ్యాగులో ఒకే ఒక్క చిన్న సంచి. దానికి కావల్సినవన్నీ దాంట్లోనే ఉంటాయి. ఉదాహరణకి డిజిటల్ యజమాని అయిన రోజున ఫిల్మ్ బాడీ, దాని మీదే బిగించి ఉన్న 50 ఎంఎం, రెండు రీళ్ళు, చిన్న బ్యాటరీ, గుడ్డముక్క, అంతా ఒక మెత్తటి సంచిలో. ఆ సంచి ఎత్తి మెళ్ళో వేసుకుంటే పెద్ద బ్యాగు అక్కడే వదిలేసి వెళ్ళిపోవచ్చు. సంచి తీసేసినా పెద్ద బ్యాగుకి లోటు ఉండదు. కెమెరాలకి కామన్‌గా ఉండే, దుమ్ము ఊదే బ్లోయరు, లెన్సు గుడ్డలాంటివి రెండేసి కొనుక్కున్నాను. పిసినారితనం చూపించాల్సిన చోటు అది కాదు.

ఫిల్టర్లు మాత్రం కలిపి వాడొచ్చు, ఒక షరతు మీద. నా పాత లెన్సుల ముందు భాగం 49, 52 ఎంఎం, డిజిటల్ జూమ్‌ది 77. ప్రతి సైజుకీ ఫిల్టరు కొనకుండా 77కే కొని, చిన్న లెన్సులకి స్టెప్-అప్ రింగులు పెట్టుకున్నాను. అయితే నలుపు తెలుపులో వాడే పసుపు, నారింజ ఫిల్టర్లకి డిజిటల్లో పనే లేదు, కాబట్టి అవి ఫిల్మ్ సంచిలోనే. రింగు విడిగా పెట్టకండి, లెన్సుకే బిగించి ఉంచండి. విడిగా ఉన్న రింగుని అవసరమైనప్పుడు దొరకబుచ్చుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

చిన్న బ్యాటరీల గురించి కాస్త ఆగి చెప్పాలి. ఫిల్మ్ బాడీలన్నిటికీ ఒకే రకం బ్యాటరీ జేబులో వేసుకుంటే సరిపోతుందనుకున్నాను చాలాకాలం. సరిపోదు. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2కి బ్యాటరీ చచ్చిపోయినా ఫర్వాలేదు, షట్టరు పూర్తిగా మెకానికల్, వెలుతురు కొలిచే మీటరు ఒక్కటే పోతుంది. 1976 నాటి కెనాన్ ఏఈ-1కి బ్యాటరీ లేకపోతే షట్టరే కదలదు, అదీ 6 వోల్టులది కావాలి. ఒలింపస్ ఓఎం-1 లాంటివి ఇప్పుడు దొరకని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసినవి. వాటిలో నేరుగా 1.5 వోల్టులది పెడితే మీటరు లెక్క తప్పుతుంది. పెంటాక్స్ కే1000 కథ ఇంకా తమాషా. దాని మీటరుకి ఆపే స్విచ్చే లేదు. లెన్సు మూత పెడితే చీకటై నిద్రపోతుంది, మూత లేకుండా బ్యాగులో పెడితే వెలుతురు తగిలినంతసేపూ బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. అంటే ఆ కెమెరాకి మూతే స్విచ్చు. మూత ఎక్కడ పెట్టానా అని వెతుక్కోవడం బద్ధకం కాదు, బ్యాటరీ ఖర్చు. ఏ బాడీ సంచిలో దాని బ్యాటరీయే ఉండాలని నేను మొండిగా అనడానికి కారణం ఇదీ.

"ఏమో, అవసరం పడుతుందేమో" అన్న మాట బరువు ఎంతో తెలుసా? నా 70-200 ఎఫ్2.8 జూమ్ లెన్సు అయితే దాదాపు కిలోన్నర. ఒకసారి మూడు నెలలపాటు ఇంటికి రాగానే చిన్న పుస్తకంలో రాసుకున్నాను, ఏది తీసుకెళ్ళాను, ఏది బయటికి తీశాను అని. ఆ పెద్ద జూమ్‌ని పదకొండుసార్లు మోశాను. బయటికి తీసింది ఒకసారి. ఆ ఒక్కసారీ తీసిన ఫొటో బాగోలేదు. ఫ్లాష్ ఏడుసార్లు మోసి ఒక్కసారి కూడా వెలిగించలేదు. ఆ పుస్తకం చదివాక ఏ వ్యాసమూ చదవక్కర్లేకపోయింది. మీరూ రాసి చూడండి. బ్యాగు కొనే ముందు తప్పకుండా రాసి చూడండి, బహుశా కొనే పని తప్పుతుంది.

ఇంట్లో గేరు దాచడం దగ్గర చాలామంది ఒక తప్పు చేస్తారు. బ్యాగునే బీరువాగా వాడతారు. బయటి నుంచి రాగానే జిప్పు వేసి మూల పెడతారు. ఫంగస్‌కి కావల్సినవి చీకటి, తేమ, గాలి ఆడకపోవడం. ఆ మూడూ మనమే ప్యాక్ చేసి ఇస్తున్నాం. గాలిలో తేమ 60 శాతం దాటిన చోట నెలల తరబడి అలా వదిలేస్తే లెన్సు లోపల సాలెగూడులాంటి దారాలు మొలుస్తాయి. పాత కెమెరాలతో వచ్చే తోలు కేసులు చూడముచ్చటగా ఉంటాయి, తేమని పట్టి ఉంచడంలో వాటిని మించినవి లేవు. కేసు అద్దాల బీరువాలో, కెమెరా బయట ఉండాలి. నేను మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు, ఈ మూడిటితో గడుపుతున్నాను. మీటరు 40 నుంచి 50 మధ్య ఉంటే నిశ్చింత. జెల్ గింజలు రంగు మారాయంటే తేమ తాగేశాయని, వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి. మీటరు లేకుండా సిలికా జెల్ వేసేవాళ్ళు మాత్రం దేవుడి మీద భారం వేసినట్టే. రెండేళ్ళ కిందటి పొట్లం ఇంకా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? మళ్ళీ అదే ప్రశ్న, అది నిండిందా, ఖాళీగా ఉందా.

ఫ్రిజ్‌లో దాచిన రీళ్ళ సంగతీ అంతే. బయటికి తియ్యగానే డబ్బా తెరవకూడదు, చల్లటి ఫిల్మ్ మీద ఆవిరి పడుతుంది. గంటో గంటన్నరో అలా వదిలెయ్యాలి. పొద్దున్నే బయల్దేరాలంటే రాత్రే తీసి ఎడమ జేబులో వేసేస్తాను. నెలల తరబడి వాడని కెమెరాల్లోంచి బ్యాటరీలు తీసేస్తాను. లోపల కారితే కాంటాక్టులు తుప్పు పడతాయి. ఈ పనులన్నీ నెలకోసారి, ఒక సాయంత్రం. అంతకుమించి సర్దుడు నాకు ఒంటపట్టదు.

విమానం ఎక్కేవాళ్ళకి రెండు విషయాలు, రెండూ చేతిలో ఉండే బ్యాగుకి సంబంధించినవే. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ సామానులో వెయ్యకూడదు, చేతి సామానులోనే ఉండాలి. ఒక్కోటి 100 వాట్ అవర్ల లోపు ఉంటే చాలు. మన కెమెరా బ్యాటరీలు దానికి దరిదాపుల్లో కూడా ఉండవు, 7.2 వోల్టులు, 2,000 ఎంఏహెచ్ అంటే 14.4 వాట్ అవర్లే. ఫిల్మ్ కూడా చెకిన్‌లో వెయ్యకూడదు. అక్కడి స్కానర్లు దాన్ని నాశనం చేస్తాయి. ఇదివరకు చేతి సామాను ఎక్స్‌రే 800 ఐఎస్ఓ లోపు రీళ్ళని పెద్దగా ఏమీ చేసేది కాదు. ఇప్పుడు వస్తున్న సీటీ స్కానర్లు అలా కావు, తక్కువ ఐఎస్ఓ రీలుని కూడా పొగబారేలా చేస్తాయి. ఫిల్మ్ కంపెనీలే హెచ్చరిస్తున్నాయి. అందుకని రీళ్ళన్నీ అట్టపెట్టెల్లోంచి తీసి, లోపలికి కనిపించే జిప్పు కవర్లలో పెట్టి, చేత్తో తనిఖీ చెయ్యమని అడగాలి. కవర్లు రెండు. కొత్తవి ఒకదాంట్లో, తీసినవి ఒకదాంట్లో. ఒకే కవర్లో పెట్టి, తనిఖీ చేసే మనిషి వాటిని ట్రేలో గుమ్మరించి, మళ్ళీ గుప్పిళ్ళతో ఎత్తి పోస్తే తర్వాత మీరూ నేనూ కలిసి ఏడవాలి. అదృష్టం కొద్దీ నా రీళ్ళ తోకలు మాట్లాడతాయి.

ఇంత చెప్పాక మా మాస్టారి సంగతి చెప్పకపోతే అన్యాయం. నాకు డార్క్‌రూమ్ నేర్పిన పెద్దాయన. ఆయనకి కెమెరా బ్యాగే లేదు. గుడ్డ సంచిలో బాడీ, ఒక లెన్సు, నాలుగు రీళ్ళు, తువ్వాలు, కళ్ళజోడు డబ్బా అన్నీ కలిసి ఉంటాయి. నా జేబుల సిద్ధాంతం వివరిస్తే ఓపిగ్గా విని, "నువ్వు సర్దుకునే టైములో నేను రెండు రీళ్ళు కొట్టేస్తానోయ్" అన్నారు. అది నిజం. ఆయన ఫొటోలు నా ఫొటోల కంటే చాలా బాగుంటాయన్నది కూడా నిజం. సర్దుడుకీ మంచి ఫొటోకీ సంబంధం ఉందని నేనెక్కడా అనలేదు, అనలేను. అమెరికన్ వీధి ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 1984లో పోయేనాటికి ఆయన తీసి, కడగనైనా కడగని రీళ్ళు దాదాపు 2,500 మిగిలాయి. అంత పెద్ద కుడి జేబు ఎవరికీ ఉండదు. అయినా ఆయన ఆయనే.

కానీ మాస్టారి సంచిని కాస్త జాగ్రత్తగా గమనించాను ఆ తర్వాత. రీలు అయిపోగానే ఆయన దాన్ని సంచిలో వెయ్యరు. చొక్కా జేబులో వేసుకుని పైన బొత్తాం పెట్టుకుంటారు. అడిగితే, "ఏమో, అలవాటు" అన్నారు.

మొన్న ఆ తొమ్మిది బ్యాగుల కాలం నాటి ఒకదాన్ని ఎవరికో ఇచ్చేద్దామని దులుపుతుంటే అడుగు అట్ట కింద ఒక రీలు దొరికింది. 400, నలుపు తెలుపు. తోక బయటికే ఉంది, మీద ఏమీ రాయలేదు, తోకకి మడత లేదు. కొత్తదే కావచ్చు. నా పాత అలవాటు ప్రకారం చూస్తే ఎప్పుడో తీసేసింది కూడా కావచ్చు. కొత్తదనుకుని కెమెరాలో వేస్తే మళ్ళీ పడవలు ఎక్కించినట్టవుతుంది. తీసేసిందనుకుని కడిగితే, తప్పయినా పోయేది ఒక ఖాళీ రీలూ, కాస్త కెమికల్సూ. మార్కరు తీసుకుని దాని మీద ప్రశ్నార్థకం గీసి కుడి జేబులో వేశాను. ఆదివారం కడగాలి.